పరాభవ నామ సాకర్ పంచాంగం

మీకు తెలుసా? ఈ మార్చి 19న ఉగాదితో అడుగుపెట్టేది పరాభవ నామ సంవత్సరం. పరాభవమంటే ఓటమి. అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ 2026 సీజన్లో తలపడేవి 30 క్లబ్బులు. కప్పు ఒక్కటే. అంటే 29 క్లబ్బులకు పరాభవం రాసిపెట్టే ఉంది. ఇంత గురి తప్పని జోస్యం ఏ సిద్ధాంతిగారైనా చెప్పారా?

మీకు తెలుసా? ఒక్కో జట్టుకు 34 మ్యాచ్‌లు, లీగ్ మొత్తానికి 510. ప్లేఆఫ్స్ అదనం. అన్నింటికీ ఫలితాలు చెబుతూ కూర్చుంటే ఉగాది పచ్చడి కాస్తా ఊరగాయ అయిపోతుంది. అందుకే నవనాయకుల్ని పిలిచాం. నిజాలకు పూచీ మాది. జోస్యాలు తప్పితే మాత్రం శనిగ్రహాన్ని అడగండి!

మీకు తెలుసా? సీజన్ ముహూర్తం ఫిబ్రవరి 21. ఆ రోజు లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీ, ఇంటర్ మయామి తలపడేది లాస్ ఏంజెలెస్ కొలీజియంలో. 1932, 1984 ఒలింపిక్స్ జరిగిన మైదానం అది. ఒకవైపు మెస్సీ, మరోవైపు కొరియా హీరో సన్ హ్యుంగ్ మిన్. జోస్యం: టికెట్టు దొరికినవాడు ఆట చూడడు. సెల్ఫీలో తన చెవి పక్కన కనిపించే చుక్క మెస్సీయేనా అని జూమ్ చేసుకుంటూ కూర్చుంటాడు.

రాజు

మీకు తెలుసా? ఈ ఏటి రాజు ఎవరో తేల్చడానికి గ్రహాలతో పనే లేదు. 2024లో లీగ్ ఉత్తమ ఆటగాడు లియోనెల్ మెస్సీ. 2025లోనూ ఆయనే. వరసగా రెండేళ్లు ఆ కిరీటం నిలబెట్టుకున్నవాడు లీగ్ చరిత్రలో ఇంకొకడు లేడు. ఈ జూన్‌లో ఆయనకు 39 నిండుతాయి. జోస్యం: వయసు పైబడేది మాత్రం ఆయన వెంట పరిగెత్తే డిఫెండర్లకే!

2025 డిసెంబర్ 6న వాంకూవర్‌ను 3-1తో ఓడించి ఇంటర్ మయామి తొలిసారి లీగ్ కప్పు ఎత్తింది. సరిగ్గా వారానికి మెస్సీ ఎక్కడున్నాడో మీకు తెలుసా? మన ఉప్పల్ స్టేడియంలో! ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బూట్లు బిగించి బంతి తన్నారు. జోస్యం: ఈ ఏడాది మన వీధుల్లో పదో నంబరు గులాబీ జెర్సీలు వెల్లువెత్తుతాయి. వేసుకున్నవాళ్లు ఆడేది మాత్రం క్రికెట్టే.

మీకు తెలుసా? 2023 జులై 21న మయామి తరఫున మెస్సీ మొదటిసారి దిగింది బెంచి మీద నుంచి లేచి. 94వ నిమిషంలో ఫ్రీ కిక్కుతో మ్యాచ్ గెలిపించాడు. అదే నెలలో సూపర్‌మార్కెట్లో ట్రాలీ తోసుకుంటూ ఫొటోలకు దొరికాడు. ఫ్రీ కిక్కుకు అడ్డుగోడ కడతారు సరే, బిల్లు కౌంటర్ దగ్గర క్యూలో ఆ పని ఎవరు చేశారో!

మీకు తెలుసా? 2024లో మయామి 74 పాయింట్లతో లీగ్ రికార్డు బద్దలుకొట్టింది. ప్లేఆఫ్స్ తొలి రౌండులో ఎదురైన అట్లాంటా పాయింట్లు 40. ఎవరు ఇంటికెళ్లారు? మయామి! రాజైనా సరే, ఏలినాటి శనికి పాయింట్ల పట్టిక చదవడం రాదు.

మంత్రి

రాజున్నాడు, మరి మంత్రి? ఉన్నాడు, నిజంగానే! ఆస్టిన్ ఎఫ్‌సీ సహ యజమాని, హాలీవుడ్ నటుడు మాథ్యూ మెకానహీకి క్లబ్బులో ఉన్న హోదా ఏమిటో మీకు తెలుసా? సంస్కృతి శాఖ మంత్రి! ప్రమాణ స్వీకారం లేదు, ఎర్రబుగ్గ కారు లేదు, శాఖ మాత్రం ఉంది. జోస్యం: జట్టు నాలుగు మ్యాచ్‌లు ఓడితే రాజీనామాకు డిమాండ్లు మొదలవుతాయి. అంతా అధిష్ఠానం చూసుకుంటుందని మంత్రిగారు తప్పుకుంటారు.

మీకు తెలుసా? సియాటిల్ సౌండర్స్‌లో జనరల్ మేనేజర్ ఉద్యోగం అభిమానుల చేతిలో ఉంటుంది. నాలుగేళ్లకోసారి ఓటేసి ఉంచొచ్చు, ఊడబీకొచ్చు. ఈ పద్ధతి పెట్టాల్సిందేనని పట్టుబట్టింది సహ యజమానుల్లో ఒకరైన హాస్యనటుడు డ్రూ కేరీ. 2012లో మొదటి ఓటింగ్‌లో మేనేజర్ గారు గట్టెక్కారు. మనకు ఎన్నికలంటే పండగే గానీ, గోలు మిస్సయితే ఓటు అడిగే భాగ్యం ఇంకా రాలేదు.

మీకు తెలుసా? 2019లో ఆ సౌండర్స్ యజమానుల బృందంలో చేరిన దంపతుల్లో మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల, అను నాదెళ్ల ఉన్నారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడి పెరిగిన కుర్రాడు సాకర్ క్లబ్బులో వాటా కొన్నాడన్నమాట! జోస్యం: రెండు గోల్స్ వెనకబడ్డ రోజు సగం ఆటప్పుడు జట్టుకు ఒకే సలహా వస్తుంది. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి!

మీకు తెలుసా? ఒకప్పుడు ఈ లీగ్‌లో పది జట్లుంటే, అందులో ఆరు ఒకే మనిషివి. ఫిలిప్ అన్‌షుట్జ్ ఆయన పేరు. ఎవరు ఎవరితో ఆడినా కప్పు వెళ్లేది దాదాపు అదే ఇంటి షోకేసులోకి. ఎడమ చేత్తో పాచికలు వేసి కుడి చేత్తో గెలిచినట్టు!

సేనాధిపతి

మీకు తెలుసా? డాలస్, హ్యూస్టన్ జట్లు ఏటా కొట్టుకునేది కప్పు కోసం కాదు, ఫిరంగి కోసం! 'ఎల్ కాపితాన్' అని దానికి పేరు. ఆ టెక్సాస్ పోరులో గెలిచినవాళ్లు దాన్ని ఇంటికి తోసుకుపోతారు. జోస్యం: ఈసారి ఓడిన జట్టుకు పిచ్చుకను బహుమతిగా ఇవ్వాలని ప్రతిపాదన వస్తుంది. బ్రహ్మాస్త్రం ఎలాగూ పక్కింట్లోనే ఉంది కదా.

2015 జూన్ 16. సియాటిల్, పోర్ట్‌లాండ్ మధ్య, లీగ్‌కు వెలుపలి యూఎస్ ఓపెన్ కప్ మ్యాచ్. ముగ్గురికి రెడ్ కార్డు, ఒకరికి గాయం. చివరికి సియాటిల్‌కు మిగిలిందెందరో మీకు తెలుసా? ఏడుగురు. అది ఫుట్‌బాల్ జట్టు కాదు, కబడ్డీ జట్టు! పైగా సియాటిల్ ఆటగాడు క్లింట్ డెంప్సీ కోపంతో రెఫరీ నోట్‌బుక్కే చింపేశాడు. జోస్యం: ఈ సీజన్లో రెఫరీలు తమ పుస్తకాలకు లామినేషన్ చేయించుకుంటారు.

మీకు తెలుసా? పోర్ట్‌లాండ్ టింబర్స్ గోలు కొట్టిన ప్రతిసారీ టింబర్ జోయీ అనే ఆయన మోటారు రంపంతో దుంగలోంచి ఒక చెక్క కోస్తాడు. మ్యాచ్ అయ్యాక ఆ చెక్క గోలు కొట్టినవాడిదే. జోస్యం: ఈ ఏడాది పోర్ట్‌లాండ్ ఫార్వర్డ్ ఇంట్లో భోజనాలకు పీటలు కొనే పని ఉండదు. డిఫెండర్ ఇంట్లో మాత్రం అందరూ నేల మీదే!

మీకు తెలుసా? 2023 జులై 4న లాస్ ఏంజెలెస్ క్లబ్బులు రెండూ రోజ్ బౌల్‌లో ఆడితే చూడ్డానికి వచ్చినవాళ్లు 82,110 మంది. లీగ్ చరిత్రలో విడిగా ఒక్క మ్యాచ్ కోసమే అంత జనం అంతకుముందెన్నడూ చేరలేదు. ఆ రాత్రి పార్కింగ్‌లోంచి కారు బయటికి తీసినవాడికీ ఒక కప్పు ఇచ్చి ఉండాల్సింది.

సస్యాధిపతి

సస్యమంటే మొక్కలు. లేత మొక్కల లెక్క చూద్దాం. 2004లో ఫ్రెడ్డీ అడూ లీగ్‌లో దిగినప్పుడు వయసు 14 ఏళ్ల 306 రోజులు. ఔరా అన్నారంతా. 2024 జులై 17న ఫిలడెల్ఫియా కుర్రాడు కేవన్ సల్లివాన్ ఎంత వయసుకు దిగాడో మీకు తెలుసా? 14 ఏళ్ల 293 రోజులు! పదమూడు రోజుల తేడాతో ఇరవై ఏళ్ల రికార్డు గల్లంతు. జోస్యం: తర్వాతి రికార్డు వీరుడు ఎక్స్‌ట్రా టైమ్‌లో ఆడడు. హోమ్‌వర్క్ ఉంటుంది.

మీకు తెలుసా? 2014లో జెర్మైన్ జోన్స్ అనే పేరున్న ఆటగాడి కోసం రెండు క్లబ్బులు పట్టుబట్టాయి. తీర్పు ఎలా వచ్చింది? లీగ్ డ్రా తీసింది! న్యూ ఇంగ్లండ్‌కు తగిలాడు, చికాగో చేతులు పిసుక్కుంది. మన చిట్టీల పాటలో కూడా కాస్త బేరం ఉంటుంది. జోస్యం: ఈసారి గొడవొస్తే ఇద్దరు మేనేజర్లనీ నిలబెట్టి పంటలు వేయిస్తారు.

మీకు తెలుసా? 2012 అక్టోబర్‌లో శాన్ హోసే స్టేడియం శంకుస్థాపనకు ఒకేసారి మట్టి తవ్వినవాళ్లు 6,256 మంది. ప్రపంచ రికార్డు! మన దగ్గర అయితే ఒక కొబ్బరికాయ, ఒక గడ్డపార, తవ్వేవాడు ఒక్కడు. చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్లు మాత్రం 6,256 మందికి తక్కువుండరు.

ధాన్యాధిపతి

ఇక పంట. ఒక్క సీజన్లో అత్యధిక గోల్స్ ఎన్నో మీకు తెలుసా? 34. లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీ తరఫున కార్లోస్ వేలా 2019లో దించిన దిగుబడి అది. జోస్యం: ఈ ఏడాది మూడు మ్యాచ్‌ల్లో మూడు గోల్స్ కొట్టిన ప్రతి కుర్రాడి గురించీ 'వేలా రికార్డు గల్లంతేనా?' అన్న వార్త వస్తుంది. నాలుగో మ్యాచ్‌లో కుర్రాడే గల్లంతు.

మీకు తెలుసా? లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు క్రిస్ వాండలోస్కీ. మొత్తం 171. మరి కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఏరుకునే 2005 డ్రాఫ్ట్‌లో ఆయన్ని ఎలా ఎంచుకున్నారు? అసలు డ్రాఫ్ట్‌లో కానే కాదు. మిగిలినవాళ్ల కోసం పెట్టిన అనుబంధ డ్రాఫ్ట్‌లో, 41వ పేరుగా! పెళ్లి భోజనంలో చివరి పంక్తికి కూర్చున్నవాడికి గుత్తి వంకాయ మొత్తం దక్కడమంటే ఇదే.

2013లో హ్యూస్టన్‌లో టిమ్ కేహిల్ కొట్టిన గోలుకు ఎంతసేపు పట్టిందో మీకు తెలుసా? పది సెకన్లు కూడా నిండలేదు. న్యూయార్క్ రెడ్ బుల్స్ జట్టు ఆట మొదలెట్టింది, బంతి వలలో పడింది. అంతే. పాప్‌కార్న్ కొనడానికి వెళ్లి ఆ గోలు పోగొట్టుకున్నవాళ్లకు ఇప్పటికీ పాప్‌కార్న్ పడి ఉండదు.

మీకు తెలుసా? 2018లో జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ లాస్ ఏంజెలెస్ గెలాక్సీకి వస్తూ పేపర్లో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. ఊరికి నమస్కారం పెట్టాడనుకున్నారా? కాదు. తాను వచ్చినందుకు ఊరు చెప్పబోయే కృతజ్ఞతలకు ముందే బదులిచ్చేశాడు! మార్చి 31న తొలి మ్యాచ్‌లో దిగేసరికి జట్టు వెనకబడి ఉంది. రెండు గోల్స్ కొట్టి 4-3తో గెలిపించాడు. గొప్పలు చెప్పుకున్నవాడు అన్నంత పనీ చేస్తే ఇక మనం ఏమనాలి?

అర్ఘాధిపతి

అర్ఘమంటే ధరవరలు. 2007లో డేవిడ్ బెక్‌హమ్ గెలాక్సీతో చేసుకున్న ఒప్పందంలో ఒక చిన్న షరతు ఉంది. ఎప్పుడైనా తాను కొత్త క్లబ్బు పెట్టుకుంటే రుసుము రెండున్నర కోట్ల డాలర్లే. దాంతో పుట్టిందే ఇంటర్ మయామి. శాన్ డియేగో క్లబ్బు 2023లో అదే అనుమతికి ఎంత కట్టిందో మీకు తెలుసా? 50 కోట్ల డాలర్లు! ఇరవై రెట్లు! కోకాపేటలో పాతికేళ్ల కిందట ఎకరం కొని మరచిపోయినవాడి చిరునవ్వు చూశారా? బెక్‌హమ్‌ది అదే నవ్వు.

మీకు తెలుసా? 2025లో మెస్సీ జీతం 2 కోట్ల 4 లక్షల డాలర్ల పైచిలుకు. ఆ ఏడాది లీగ్‌లో 21 క్లబ్బులు తమ ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చింది కూడా అంత లేదు. ఆదాయం ఒకరికి, వ్యయం ఇరవై తొమ్మిదిమందికి! జోస్యం: మయామి డ్రెస్సింగ్ రూములో టీ డబ్బులు ఎవరిస్తారన్న చర్చ ఈ ఏడాదీ జరగదు.

మీకు తెలుసా? ఈ లీగ్‌లో ఆటగాడి ఒప్పందం క్లబ్బుతో ఉండదు, లీగ్‌తోనే ఉంటుంది. క్లబ్బులకు లీగ్ 'అలొకేషన్ మనీ' అనే పద్దు ఇస్తుంది. దాన్నిచ్చి పక్క క్లబ్బు ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు. చేతిలో నోట్లుగా మాత్రం రాదు. జాతరలో రంగులరాట్నం కూపన్లు గుర్తొచ్చాయా? అవే! ఇంటికి తీసుకెళితే ఇడ్లీ కూడా రాదు.

మేఘాధిపతి

వానలెలా ఉంటాయి? 1996 అక్టోబర్‌లో తొలి ఫైనల్ ఫాక్స్‌బరోలో జడివానలోనే జరిగింది. డీసీ యునైటెడ్ 0-2తో వెనకబడింది. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసా? రెండూ సమం చేసి, అదనపు సమయంలో ఎడ్డీ పోప్ తలతో కొట్టిన గోలుతో 3-2గా గెలిచేసింది. ఆ నీళ్లలో బంతిని వెతికినందుకే ఒక పతకం ఇవ్వొచ్చు.

మీకు తెలుసా? 2024 మార్చిలో లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీ సాల్ట్ లేక్‌లో ఆడింది మంచు తుఫానులో. 3-0తో ఓడింది. సముద్రపు ఎండలో పెరిగినవాళ్లకు మంచు అంటే శీతల పానీయంలో తేలేదే. జోస్యం: ఈ సీజన్ తొలి వారాల్లో ఒక మ్యాచ్‌లో గీతలు కనిపించవు. మరో మ్యాచ్‌లో ఆటగాళ్లే కనిపించరు. లైన్స్‌మన్ మాత్రం ధీమాగా ఆఫ్‌సైడ్ జెండా ఎత్తుతాడు.

మీకు తెలుసా? సియాటిల్ నుంచి మయామికి గాలి దారిన సుమారు 4,400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మూడుసార్లు ఎగిరినా ఇంకా మిగిలే దూరం. ఇదంతా ఒకే లీగ్! ఆ ప్రయాణం చేసి ఓడితే ఆటగాడికి ఇంటి బెంగ కాదు, మ్యాచ్ ఏ ఊళ్లో ఆడాడన్న సందేహం పట్టుకుంటుంది.

2010లో 'తూర్పు విభాగం' ఫైనల్ ఆడిన రెండు జట్లూ ఎక్కడివో మీకు తెలుసా? కొలరాడో, శాన్ హోసే. రెండూ పడమటివే! ప్లేఆఫ్స్ లెక్కల్లో దిక్కులు తారుమారయ్యాయి. తూర్పు విజేతగా నిలిచింది కొలరాడో. అదే ఊపులో లీగ్ కప్పూ ఎత్తింది. ఇక వాస్తు ఎక్కడ చెప్పమంటారు?

రసాధిపతి

మీకు తెలుసా? మయామి ఆటగాడు లూయిస్ సువారెజ్ 2010లో ఒకణ్ని, 2013లో ఇంకొకణ్ని, 2014లో మరొకణ్ని మైదానంలోనే కరిచాడు. 2025 ఆగస్టులో లీగ్స్ కప్ అనే వేరే టోర్నీ ఫైనల్లో సియాటిల్ చేతిలో మయామి 3-0తో ఓడాక మాత్రం కరవలేదు. ప్రత్యర్థి సిబ్బందిలో ఒకరి మీద ఉమ్మి నిషేధం కొనితెచ్చుకున్నాడు. పంటి నుంచి నోటి తడికి దిగాడంటే నయం అనుకోవాలో లేదో పంచాంగం తేల్చలేకపోతోంది.

మీకు తెలుసా? మినెసోటా యునైటెడ్ సొంత మైదానంలో గెలిస్తే ఆటగాళ్లూ అభిమానులూ నిలబడి ఒయాసిస్ బృందం పాట 'వండర్‌వాల్' పాడతారు. ఓడితే పాట లేదు. జోస్యం: స్టేడియం పక్కవీధిలో చంటిపిల్లలున్న ఇంటివాళ్లు డ్రా కోసం మొక్కుకుంటారు.

మీకు తెలుసా? శాన్ హోసే స్టేడియంలో గోలు వెనక ఉన్న ఆరుబయట బారు ఉత్తర అమెరికాలోకెల్లా అతి పెద్దదని క్లబ్బు చెప్పుకుంటుంది. అందుకే అక్కడ కొందరికి ఒకే గోలు రెండుగా కనిపిస్తుంది. స్కోరుబోర్డు ఒప్పుకోదు, అంతే.

నీరసాధిపతి

ఈ లీగ్ తొలి భయం ఏమిటో మీకు తెలుసా? నీరసం! 1996 ఏప్రిల్ 6న శాన్ హోసే, డీసీ యునైటెడ్ మధ్య మొట్టమొదటి మ్యాచ్. చూసేవాళ్లు 31,683 మంది. నిమిషాలు గడుస్తున్నాయి, గోలు లేదు. గోలు లేని ఆట చూస్తే అమెరికా మళ్లీ వస్తుందా? 88వ నిమిషంలో శాన్ హోసే ఆటగాడు ఎరిక్ వైనల్డా కొట్టాడు. లీగ్ పెద్దలంతా అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు!

మీకు తెలుసా? మొదటి నాలుగు సీజన్లలో డ్రా అన్నదే లేదు. స్కోరు సమమైతే ఆటగాడు 35 గజాల దూరం నుంచి బంతితో పరిగెత్తి 5 సెకన్లలో గోలు కొట్టాలి. గడియారం కూడా రాకెట్ ప్రయోగంలా సున్నాకు దిగేది. శ్రీహరికోటలో పనికొచ్చే లెక్క గానీ, ఫుట్‌బాల్‌లో ప్రపంచం నవ్వింది. 1999 తర్వాత రెండూ అటకెక్కాయి.

2009లో రియల్ సాల్ట్ లేక్ గెలిచినవి 11, ఓడినవి 12, డ్రాలు 7. ఆ ఏడాది కప్పు ఎవరిదో మీకు తెలుసా? వాళ్లదే! గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నవాడు ఛాంపియన్! మార్కుల జాబితా చూపించి ఇంట్లో తిట్లు తినే పిల్లలందరూ ఈ పేరా కత్తిరించి దాచుకోండి.

2013లో డీసీ యునైటెడ్ 34 లీగ్ మ్యాచ్‌ల్లో ఎన్ని గెలిచిందో మీకు తెలుసా? మూడంటే మూడే. మరి అదే ఏడాది యూఎస్ ఓపెన్ కప్ ఎవరిది? డీసీ యునైటెడ్‌దే! ఇంట్లో పిల్లి, వీధిలో పులి అంటే వీళ్లే.

మీకు తెలుసా? 2024లో కప్పు గెలిచిన గెలాక్సీ 2025లో మొదటి గెలుపు కోసం 16 లీగ్ మ్యాచ్‌లు ఎదురుచూసింది. ఇక సిన్సినాటి 2019, 2020, 2021 మూడేళ్లూ అట్టడుగున కూర్చుని, 2023లో రెగ్యులర్ సీజన్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి. ఈ లీగ్‌లో మాత్రం ఆ మార్పిడికి ఒకటి రెండు చలికాలాలు చాలు.

అన్నిటికంటే విచిత్రం మీకు తెలుసా? 2001 రెగ్యులర్ సీజన్లో అగ్రస్థానం మయామి ఫ్యూజన్‌ది. బహుమతి? మరుసటి జనవరిలో క్లబ్బే మూసేశారు! ఫస్ట్ ర్యాంకు వచ్చిన పిల్లవాణ్ని పట్టుకుని బడి ఎత్తేసినట్టు.

నామ నక్షత్రం

మీకు తెలుసా? 1996లో కాన్సస్ సిటీ జట్టు పేరు 'విజ్'. ఆ శబ్దానికి అమెరికా వాడుకలో ఒంటేలు అన్న అర్థం ఉంది. ఏడాది తిరక్కుండా 'విజర్డ్స్' అని మార్చారు. ఆ ఒక్క సీజన్లో ప్రత్యర్థి అభిమానులు ఎన్ని జోకులేశారో చిత్రగుప్తుడికే తెలియాలి.

2006 సీజన్‌కు ముందు హ్యూస్టన్ క్లబ్బుకు పెట్టబోయిన పేరు మీకు తెలుసా? 'హ్యూస్టన్ 1836'. ఊరు పుట్టిన ఏడు కదా అనుకున్నారు. అది మెక్సికో మీద టెక్సాస్ యుద్ధం చేసిన ఏడు కూడా. మెక్సికో మూలాలున్న అభిమానులకు మండింది. ఆట మొదలవకముందే పేరు 'డైనమో' అయింది. బారసాల రోజే పేరు మార్చుకున్న బిడ్డ ఇదొక్కటే.

మీకు తెలుసా? శాన్ హోసే జట్టు పేరు భూకంపాలు, చికాగో జట్టు పేరు అగ్ని, డాలస్ జట్టు పాత పేరు మంట. 1871లో చికాగోను తగలబెట్టిన మంటల వార్షికోత్సవం రోజే, 1997 అక్టోబర్ 8న, చికాగో ఫైర్‌ను ప్రకటించారు. ఇది లీగా, విపత్తు నిర్వహణ శాఖా?

మీకు తెలుసా? న్యూయార్క్ రెడ్ బుల్స్ స్టేడియం న్యూయార్క్‌లో లేదు, న్యూజెర్సీలోని హారిసన్‌లో ఉంది. రియల్ సాల్ట్ లేక్ పేరులోని రియల్ అంటే స్పానిష్‌లో రాజరికపు అని అర్థం. ఉన్న ఊళ్లో రాజు లేడు, రాజ్యం లేదు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెతలో మిగతా సగం మేం చెప్పం!

పశునాయకుడు

చివరగా అసలు హీరో. 2024 మే 15న ఫిలడెల్ఫియా, న్యూయార్క్ సిటీ మ్యాచ్ మధ్యలో మైదానంలోకి దూసుకొచ్చిందెవరో మీకు తెలుసా? రకూన్! కళ్లకు నల్లముసుగు కట్టుకున్న దొంగలా ఉండే అడవి జంతువు. చెత్తడబ్బాలు పట్టుకుని సిబ్బంది వెంటబడ్డారు. అది 161 సెకన్లు అందర్నీ డ్రిబుల్ చేసింది! ముద్దుగా 'రకీన్యో' అని బ్రెజిల్ ఆటగాడి పేరు కూడా పెట్టారు. జోస్యం: ఈ ఏడాది ఉడుత వస్తుంది, కుక్క వస్తుంది. ఆ 161 సెకన్ల రికార్డు జోలికి మాత్రం ఎవ్వరూ రాలేరు.

కందాయ ఫలం

మీకు తెలుసా? మే 25 నుంచి జులై 16 దాకా ఈ సీజన్‌కు సెలవు. ప్రపంచ కప్పు అక్కడికే వస్తోంది మరి! 48 దేశాలు, 104 మ్యాచ్‌లు. లీగ్ జట్లు ఆడే సియాటిల్, అట్లాంటా, వాంకూవర్, టొరంటో మైదానాల్లోనూ జరుగుతాయి. పెద్దింటి పెళ్లికి తన ఇల్లే విడిదిగా ఇచ్చి, తాను అరుగు మీద పడుకునేవాడి పరిస్థితి లీగ్‌ది.

మీకు తెలుసా? ఈ లీగ్‌లో అట్టడుగున నిలిచినా కింది లీగ్‌కు దిగజారడం ఉండదు. ఆఖరివాడికి అభిమానులు చెక్క గరిటె బిరుదు ఇచ్చి వదిలేస్తారు. అవమానం 7, రాజపూజ్యం 0, అయినా కుర్చీ పదిలం! అందుకే ఇక్కడ ఏ పరాభవమూ శాశ్వతం కాదు. గరిటె పట్టుకున్నవాడూ వచ్చే సీజన్లో అదే పంక్తిలో కూర్చుని కప్పు వడ్డించమని అడుగుతాడు.

ఇంతకీ వచ్చే సీజన్ ఎప్పుడో మీకు తెలుసా? 2027 ఫిబ్రవరి నుంచి మే దాకా, జట్టుకు 14 మ్యాచ్‌లే! ఆ తర్వాత జులైలో ఇంకో కొత్త సీజన్. ముప్పై ఏళ్లుగా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో మొదలయ్యే లీగ్ ఒక్క గెంతులో అక్కడి వేసవి మధ్యకు మారుతోంది. పరాభవ తర్వాత వచ్చే సంవత్సరం పేరు చూడండి. ప్లవంగ. అంటే కోతి! క్యాలెండరే కొమ్మ మీంచి కొమ్మకు దూకే ఏడాదికి అంతకన్నా అతికే పేరు ఏ కమిషనర్ పెట్టగలడు? ఈ ఒక్క జోస్యం మాత్రం మాది కాదండోయ్, పంచాంగానిదే!